+91లో ప్లస్ ఎటు పోయింది? వెబ్ ఫారమ్‌ల వెనక 30 ఏళ్ల కథ

ఈ ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు మీతో ఒక చిన్న పని చేయిస్తాను. మీ ఫోన్‌లో తెలుగు వికీపీడియా తెరవండి. తెలుగు పేరున్న ఏదైనా పేజీకి వెళ్లి, పైన ఉన్న అడ్రస్ కాపీ చేసి, వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోండి. చాలా ఫోన్లలో ఏం కనిపిస్తుందంటే, చక్కటి తెలుగు పేరు ఉండాల్సిన చోట పర్సెంట్ గుర్తులు, అంకెలు, ఇంగ్లీష్ అక్షరాలు కలిసిన బారెడు తోక.

"తెలుగు" అనే మాటనే తీసుకుందాం. మన కంటికి మూడు అక్షరాలు. కంప్యూటర్‌కి ఆరు: త, ఎత్వం, ల, కొమ్ము, గ, మళ్లీ కొమ్ము. ఒక్కోదానికి 3 బైట్లు, అంటే 18 బైట్లు. ఒక్కో బైట్‌ని రాయడానికి ఒక పర్సెంట్ గుర్తు, దాని వెనక రెండు గుర్తులు. మొత్తం 54. మూడక్షరాల మాట అడ్రస్‌లోకి వెళ్లేసరికి 54 గుర్తులు అయింది.

ఇది ఎవరు పెట్టిన రూల్? ఎందుకు పెట్టారు? స్క్రిప్ట్ రాసి ఏదైనా వెబ్‌సైట్‌కి డేటా పంపే ప్రతి ఒక్కరూ ఏదో ఒక రోజు ఈ రూల్ దగ్గర ఆగాల్సి వస్తుంది. ఈ రోజు దాని చరిత్ర చెప్పుకుందాం. కోడింగ్ రాకపోయినా పర్లేదు, కథగా వినండి.

అసలు సమస్య: గోడ ఏది, మనిషి ఏది?

మీరు ఒక ఫారమ్ నింపి సబ్మిట్ కొట్టారు. పేరు, ఊరు, ఫోన్ నంబర్. ఈ మూడూ విడివిడిగా ప్రయాణం చెయ్యవు. ఒకే పొడవాటి లైన్‌గా మారి వెళ్తాయి. పేరు=రవి&ఊరు=గుంటూరు, ఇలా. ఇక్కడ = గుర్తు "ఈ గడిలో ఉన్నది ఇది" అని చెప్తుంది. & గుర్తు "ఒక గడి అయిపోయింది, ఇంకోటి మొదలైంది" అని చెప్తుంది. అవి గదుల మధ్య గోడలు అన్నమాట.

బానే ఉంది. కానీ ఒకాయన షాపు పేరు "రావు & సన్స్". అదే & గుర్తు. ఇప్పుడు అవతల ఉన్న సర్వర్‌కి ఇది గోడా, పేరులో భాగమా ఎలా తెలుస్తుంది? తెలియదు. అది గోడే అనుకుంటుంది. షాపు పేరు "రావు" దగ్గర తెగిపోతుంది. "సన్స్" అనేది ఎవరూ అడగని కొత్త గడి అయిపోతుంది.

మొత్తం ఈ ఎన్‌కోడింగ్ గొడవంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. మనిషి రాసిన అక్షరం, మెషీన్ పెట్టిన గోడ, రెండూ ఒకే గుర్తు అయినప్పుడు వాటిని విడదీసేది ఎలా?

జవాబు చాలా సింపుల్. గోడ కాని & గుర్తుని అలాగే పంపకుండా దాని నంబర్ పంపండి. 1963లో వచ్చిన ఆస్కీ పట్టికలో ప్రతి గుర్తుకీ ఒక నంబర్ ఉంది. స్పేస్ 32, & గుర్తు 38, @ గుర్తు 64. ఈ నంబర్లను 16 లెక్కలో రాస్తే 20, 26, 40 అవుతాయి. ముందు ఒక పర్సెంట్ గుర్తు పెడితే %20, %26, %40. "రావు & సన్స్"లోని & గుర్తు %26గా వెళ్తుంది. అవతలి వాడు గోడల దగ్గర ముక్కలు చేశాక, ఒక్కో ముక్కలో %26 కనిపించిన చోట మళ్లీ & పెట్టుకుంటాడు. పేరు పేరుగానే చేరింది.

మరి పేరులోనే పర్సెంట్ గుర్తు ఉంటే? దానికీ నంబర్ ఉంది, %25. అంతే, లెక్క సరిపోయింది. ఇంత శుభ్రమైన ఆలోచన ఉన్నప్పుడు గొడవ ఎక్కడ వచ్చింది? చరిత్రలో వచ్చింది.

ఒక స్పేస్, రెండు వేషాలు

1990 ప్రాంతానికి వెళ్దాం. స్విట్జర్లాండ్‌లో సెర్న్ అనే ఫిజిక్స్ ల్యాబ్. అక్కడ టిమ్ బెర్నర్స్-లీ వెబ్‌ని తయారు చేస్తున్నాడు. అప్పటికి ఇప్పుడు మనకి తెలిసిన ఫారమ్‌లు లేవు. ఐఎస్‌ఇండెక్స్ అని ఒక ట్యాగ్ ఉండేది. అది పేజీలో ఉంటే ఒక్క సెర్చ్ డబ్బా వస్తుంది. మీరు రెండు మాటలు టైప్ చేస్తే, బ్రౌజర్ వాటిని అడ్రస్ చివర ప్రశ్న గుర్తు తర్వాత అతికిస్తుంది. అడ్రస్‌లో స్పేస్ ఉండకూడదు కదా, అందుకని మాటకీ మాటకీ మధ్య ఒక + పెట్టారు. సెర్చ్ మాటలకి అది బాగానే కుదిరింది. "ఈ మాట ప్లస్ ఆ మాట" అని చదువుకోవచ్చు కూడా.

1993లో అమెరికాలో ఎన్‌సీఎస్‌ఏ అనే సెంటర్ నుంచి మొజాయిక్ బ్రౌజర్ వచ్చింది. మార్క్ ఆండ్రీసెన్, ఎరిక్ బీనా రాసింది. అదే ఏడాది అక్కడి నుంచే సీజీఐ అనే పద్ధతి కూడా వచ్చింది. అంటే వెబ్ సర్వర్ ఒక ప్రోగ్రామ్‌ని పిలిచి, ఫారమ్‌లో వచ్చిన డేటా దాని చేతికి ఇచ్చే పద్ధతి. ఇక్కడి నుంచి వెబ్ అంటే చదవడం మాత్రమే కాదు, రాసి పంపడం కూడా. పేరు, అడ్రస్, కామెంట్ అన్నీ గడుల్లో నింపి పంపొచ్చు. మరి గడుల్లో ఉన్న స్పేస్‌ని ఏం చెయ్యాలి? పాత అలవాటే ముందుకు నడిచింది. స్పేస్ ఉంటే + పెట్టు.

ఇప్పుడు ట్విస్ట్ చూడండి. 1994 డిసెంబర్‌లో వెబ్ అడ్రస్‌లు ఎలా రాయాలో ఒక అధికారిక డాక్యుమెంట్ వచ్చింది, ఆర్‌ఎఫ్‌సీ 1738. దాని ప్రకారం స్పేస్ అంటే %20. ఏడాది తిరక్కుండానే, 1995 నవంబర్‌లో హెచ్‌టీఎమ్‌ఎల్ 2.0 డాక్యుమెంట్ వచ్చింది, ఆర్‌ఎఫ్‌సీ 1866. దాని ప్రకారం ఫారమ్ డేటాలో స్పేస్ అంటే +. రెండింట్లోనూ బెర్నర్స్-లీ పేరు ఉంది!

అంటే ఒకే అడ్రస్‌లో ప్రశ్న గుర్తుకి ముందు + ఉంటే అది నిజంగా ప్లస్. ప్రశ్న గుర్తు తర్వాత ఫారమ్ డేటాలో + ఉంటే అది స్పేస్. ఒకే గుర్తు, గీత దాటితే అర్థం మారిపోతుంది.

ఇప్పుడు మన టైటిల్ సంగతి. మన దేశం కోడ్ +91. ఎవరైనా స్క్రిప్ట్‌లో ఫోన్ నంబర్‌ని ఎన్‌కోడ్ చెయ్యకుండా అలాగే ఫారమ్ డేటాలో అతికించి పంపితే, అవతల సర్వర్ ఆ ప్లస్‌ని స్పేస్‌గా చదువుతుంది. +91 కాస్తా ఖాళీ, దాని తర్వాత 91 అవుతుంది. ఎర్రర్ రాదు. సర్వర్ "ఓకే, 200" అనే చెప్తుంది. కానీ ఆ నంబర్‌కి ఓటీపీ వెళ్లదు.

నేను ఉద్యోగం చేసే రోజుల్లో ఒక క్లయింట్ సిస్టమ్‌లో సరిగ్గా ఇదే చూశాను. ఉద్యోగాలకి అప్లై చేసిన వాళ్ల వివరాలు ఒక సిస్టమ్ నుంచి ఇంకో సిస్టమ్‌కి రాత్రిపూట ఒక స్క్రిప్ట్ పంపేది. పది అంకెలు మాత్రమే రాసిన వాళ్లకి మెసేజ్‌లు వచ్చాయి. పద్ధతిగా +91 పెట్టి రాసిన వాళ్లకి రాలేదు. వాళ్లు ఏం అనుకుని ఉంటారు? "మనల్ని సెలెక్ట్ చెయ్యలేదేమో" అనుకుని ఉంటారు. వాళ్ల ఇంటర్వ్యూ కాల్‌కి అడ్డుపడింది 1990 నాటి ఒక సెర్చ్ డబ్బా అలవాటు అని వాళ్లకి ఎవరు చెప్తారు?

తాత్కాలికం అని పెట్టిన పేరు

ఈ ఫారమ్ పద్ధతికి ఒక పొడవాటి పేరు ఉంది: అప్లికేషన్/ఎక్స్-డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-ఫారమ్-యూఆర్ఎల్‌ఎన్‌కోడెడ్. నోరు తిరగదు. అందులో మొదట ఉన్న "ఎక్స్" చూశారా? ఆ రోజుల్లో ఇంకా ప్రయోగంలో ఉన్నవాటికి, రిజిస్టర్ కానివాటికి ఆ ఎక్స్ తగిలించేవాళ్లు. ముందు పని నడవనీ, తర్వాత మంచి పేరు పెడదాం అన్నట్టు. తాత్కాలికంగా వేసిన రేకుల షెడ్డు స్కూలు భవనంగా స్థిరపడిపోయినట్టు, 30 ఏళ్లయినా ఆ ఎక్స్ అక్కడే ఉంది. ఈ రోజు మీరు ఎన్నో సైట్లలో లాగిన్ బటన్ నొక్కినప్పుడు వెళ్లేది ఆ పేరుతోనే.

బ్రౌజర్లు పాటించే యూఆర్ఎల్ స్టాండర్డ్ ఒకటుంది, వాట్‌డబ్ల్యూజీ నడిపేది. అందులో ఈ ఫార్మాట్ గురించి ఏం రాశారో తెలుసా? ఇదొక వికృతమైన భూతం, ఏళ్ల తరబడి జరిగిన ప్రమాదాల, సర్దుబాట్ల ఫలితం అనే అర్థం వచ్చేలా రాశారు. స్టాండర్డ్ రాసినవాళ్లే తమ స్టాండర్డ్‌ని తిట్టుకోవడం అరుదు కదా!

90ల్లో పెర్ల్ భాషలో సీజీఐ స్క్రిప్ట్‌లు రాసేవాళ్లు ఈ భూతాన్ని చేత్తో విప్పేవాళ్లు. అందులో వరస చాలా ముఖ్యం. ముందు & దగ్గర ముక్కలు చెయ్యాలి. తర్వాత = దగ్గర. తర్వాత + ని స్పేస్ చెయ్యాలి. అన్నింటికన్నా చివర పర్సెంట్‌లు విప్పాలి. వరస తప్పి ముందే పర్సెంట్‌లు విప్పేస్తే, జాగ్రత్తగా దాచి పంపిన & బయటికి వచ్చి మళ్లీ గోడ అయిపోతుంది. ఎవరికి వాళ్లు ఇలా రాసుకుని తప్పులు చేస్తుంటే, లింకన్ స్టీన్ అనే ఆయన సీజీఐ డాట్ పీఎమ్ అని ఒక లైబ్రరీ రాశాడు. చేత్తో రాయొద్దు, లైబ్రరీ వాడు అనే సలహా అంత పాతది.

ఫోటోలు వచ్చాయి, గుణకారం పెరిగింది

ఈ పద్ధతి చిన్న చిన్న మాటలకి సరిపోయింది. ఫైల్ పంపాలంటే? ఫోటోలో ఉండే బైట్లలో ఎక్కువ శాతం మామూలు అక్షరాలు కావు. ఒక్కో బైట్ మూడు గుర్తులు అవుతుంది. లెక్క వేస్తే మొత్తం ఫైల్ దాదాపు రెండున్నర రెట్లు ఉబ్బుతుంది. ఆ కాలపు డయలప్ మోడెమ్‌ల మీద అది ఊహించుకోండి.

1995 నవంబర్‌లోనే జిరాక్స్‌లో పనిచేసే ఎర్నెస్టో నెబెల్, లారీ మసింటర్ ఇంకో దారి చూపించారు. ఈమెయిల్‌కి అటాచ్‌మెంట్లు ఎలా పంపుతున్నారో అలాగే ఫారమ్‌లూ పంపుదాం అన్నారు. అదే మల్టీపార్ట్ ఫారమ్-డేటా. ఇందులో అక్షరాల్ని మార్చరు. డేటాలో ఎక్కడా రాని ఒక వింత గీతని ఎంచుకుని, ప్రతి ముక్కకీ మధ్య ఆ గీత పెడతారు. దాని పేరు బౌండరీ. ఆ గీత ఏదో రిక్వెస్ట్ మొదట్లోనే చెప్తారు. ఈ రోజు మీరు ఏదైనా సైట్‌లో ఫోటో పెట్టి ఫారమ్ సబ్మిట్ చేస్తే మామూలుగా ఇలాగే వెళ్తుంది.

స్క్రిప్ట్ రాసేవాళ్లు ఇక్కడ ఎక్కువగా తడబడేది ఒక చోట. కంటెంట్-టైప్ హెడర్‌లో "మల్టీపార్ట్" అని తమ చేత్తో రాసేస్తారు. కానీ బౌండరీ గీత ఏదో లైబ్రరీకి మాత్రమే తెలుసు. హెడర్‌లో గీత చెప్పలేదు కాబట్టి సర్వర్‌కి ముక్కలు ఎక్కడ చెయ్యాలో తెలియదు. మందు ఏంటంటే, ఆ హెడర్ జోలికి వెళ్లకపోవడమే. లైబ్రరీని రాయనివ్వండి.

మరి తెలుగు సంగతి?

ఇప్పటిదాకా చెప్పిందంతా ఇంగ్లీష్ అక్షరాల లోకం. ఆస్కీలో ఉన్నవి 128 గుర్తులే. అందులో త లేదు, ళ లేదు, అసలు మనం లేము. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్‌లో తెలుగుకి చోటు దొరికింది. 1992లో కెన్ థామ్సన్, రాబ్ పైక్ న్యూజెర్సీలో ఒక హోటల్లో భోజనం దగ్గర, ప్లేటు కింద వేసే కాగితం మీద యూటీఎఫ్-8 గీశారు. యూనికోడ్ నంబర్లను బైట్లుగా మార్చే పద్ధతి అది.

కానీ ఫారమ్‌లు పుట్టిన రోజుల్లో పర్సెంట్ వెనక ఉన్న బైట్ ఏ పట్టిక ప్రకారం రాశారో చెప్పే ఏర్పాటు సరిగా లేదు. పేజీ ఏ ఎన్‌కోడింగ్‌లో ఉంటే బ్రౌజర్ అందులోనే పంపేది. సర్వర్ ఊహించుకోవాలి. ఊహ తప్పితే? యూటీఎఫ్-8లో మన అక్షరాలన్నీ ఒకే బైట్‌తో మొదలవుతాయి. దాన్ని పశ్చిమ ఐరోపా భాషల పట్టికలో చదివితే, నెత్తిన వాలు గీత ఉన్న ఒక ఫ్రెంచ్ అక్షరం వస్తుంది. దాని పక్కన ఎక్కువసార్లు డిగ్రీ గుర్తు. పాత సైట్లలో ఒకే ఫ్రెంచ్ అక్షరం, ఒకే డిగ్రీ గుర్తు వరసగా రిపీట్ అవుతూ కనిపిస్తే, అది చెత్త కాదు. అక్కడ ఎవరో తెలుగులో ఏదో రాశారని అర్థం.

ఇంకో రకం నష్టం కూడా ఉంది. పేజీ ఎన్‌కోడింగ్‌లో తెలుగే లేకపోతే, బ్రౌజర్ త బదులు &#3108; అని పంపుతుంది. 3108 అనేది యూనికోడ్‌లో త నంబర్. డేటాబేస్‌లో పేరు బదులు నంబర్ల వరస పడుతుంది. తర్వాత ఆ మనిషి పేరుతో వెతికితే దొరకదు. ఉన్నాడు, కానీ లేడు.

జావాస్క్రిప్ట్‌లో మొదట్లో ఎస్కేప్ అనే ఫంక్షన్ ఉండేది. దానికి రెండు జబ్బులు. ప్లస్‌ని ముట్టుకోదు, అంటే మన +91 సమస్య అలాగే ఉంటుంది. తెలుగు లాంటి అక్షరాల్ని తన సొంత పద్ధతిలో రాస్తుంది, అది చాలా సర్వర్లకి అర్థం కాదు. 1999 డిసెంబర్‌లో ఆ భాష స్టాండర్డ్ మూడో ఎడిషన్‌లో ఎన్‌కోడ్-యూఆర్ఐ-కాంపోనెంట్ వచ్చాక ఇది చక్కబడింది. అది ఎప్పుడూ యూటీఎఫ్-8లోనే రాస్తుంది. ఎస్కేప్ మాత్రం ఇప్పటికీ బతికే ఉంది, వాడకండి.

ఇక్కడ ఒక సరదా సంగతి. 2010లో రూబీ ఆన్ రైల్స్ 3 తయారవుతున్నప్పుడు, పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ కొన్ని సందర్భాల్లో ఫారమ్‌లని యూటీఎఫ్-8లో పంపడం లేదని తేలింది. వాళ్లు ఏం చేశారంటే, ప్రతి ఫారమ్‌లో కనిపించని ఒక గడి పెట్టి అందులో మంచు బొమ్మ గుర్తు ☃ దాచారు. ఆ గుర్తు పాత పట్టికలో లేదు కాబట్టి బ్రౌజర్‌కి యూటీఎఫ్-8 తప్ప వేరే దారి ఉండదు. తర్వాత మంచు బొమ్మ తీసేసి ✓ పెట్టారు. చాలా ఏళ్లపాటు ఎన్నో సైట్ల అడ్రస్‌లలో ఆ టిక్ కనిపించేది. అది డిజైన్ కాదు, ఒక బ్రౌజర్‌కి వేసిన ముకుతాడు.

స్క్రిప్ట్ రాసేవాళ్లకి

1998లో స్వీడన్‌కి చెందిన డేనియల్ స్టెన్‌బర్గ్ కర్ల్ అనే టూల్ విడుదల చేశాడు. టెర్మినల్ నుంచి వెబ్ రిక్వెస్ట్‌లు పంపడానికి ఇప్పటికీ అందరూ వాడేది అదే. అందులో మైనస్ డి ఆప్షన్‌తో డేటా ఇస్తే, "ఇది ఫారమ్ డేటా" అని హెడర్‌లో రాస్తుంది కానీ ఎన్‌కోడ్ మాత్రం చెయ్యదు. మీరు చేసే ఇచ్చారని నమ్ముతుంది. ఎన్‌కోడ్ చేసే డేటా-యూఆర్ఎల్‌ఎన్‌కోడ్ ఆప్షన్ 2008లో వచ్చింది.

పైథాన్‌లో రిక్వెస్ట్స్ లైబ్రరీ కూడా ఇంతే. డేటా అనే చోట డిక్షనరీ ఇస్తే చక్కగా ఎన్‌కోడ్ చేస్తుంది. మీరే స్ట్రింగ్ అతికించి ఇస్తే, ఉన్నది ఉన్నట్టు పంపేస్తుంది. పీహెచ్‌పీలో రెండు ఫంక్షన్లు ఉన్నాయి: యూఆర్ఎల్‌ఎన్‌కోడ్ స్పేస్‌కి + పెడుతుంది, రా-యూఆర్ఎల్‌ఎన్‌కోడ్ %20 పెడుతుంది. ఎందుకు రెండు అంటే, ఇప్పుడు మీకు తెలుసు. 1994, 1995.

భయపడి రెండుసార్లు ఎన్‌కోడ్ చేసేవాళ్లు కూడా ఉన్నారు. అప్పుడు %20లోని పర్సెంట్ మళ్లీ ఎన్‌కోడ్ అయి %2520 అవుతుంది. ఎక్కడైనా %25 వెంటనే ఇంకో రెండు అంకెలు కనిపిస్తే, ఎవరో రెండుసార్లు మూట కట్టారేమో అని అనుమానించండి.

ఇందులో భద్రత కూడా ఉంది. 2009లో స్టెఫానో డి పావోలా, లూకా కారెట్టోని అనే పరిశోధకులు ఒక సంగతి బయటపెట్టారు. ఒకే గడి పేరు రెండుసార్లు వస్తే కొన్ని సర్వర్లు మొదటిది తీసుకుంటాయి, కొన్ని చివరిది, కొన్ని రెండూ కలిపేస్తాయి. కాబట్టి యూజర్ టైప్ చేసిన దాంట్లో & ని అలాగే వదిలేస్తే, అతను మీ రిక్వెస్ట్‌లోకి తన సొంత గడిని దూర్చగలడు.

మనకి దగ్గర ఉదాహరణ కావాలా? 2016లో యూపీఐ వచ్చాక టీ కొట్టు దగ్గర మీరు స్కాన్ చేసే క్యూఆర్ కోడ్ లోపల ఉండేది ఇలాంటి లైనే. ఎవరి ఐడీకి, ఏ పేరుకి, ఎంత అనే గడులు, మధ్యలో & గోడలు. కొట్టు పేరు "రావు & సన్స్" అయి, కోడ్ తయారు చేసిన స్క్రిప్ట్ దాన్ని ఎన్‌కోడ్ చెయ్యకపోతే పేరు సగంలో తెగుతుంది. పేరు గడిలో & తో పాటు ఇంకో అమౌంట్ గడి కూడా రాసి ఇస్తే? డబ్బుల దగ్గర అది సరదా కాదు.

కాబట్టి మీ స్క్రిప్ట్‌కి నేను చెప్పే పరీక్ష ఇది. షాపు పేరు: రావు & సన్స్. ఫోన్: +91తో మొదలయ్యే నంబర్. పాస్‌వర్డ్: 100%+1=101. ఊరు: తెలుగులో, వత్తులు ఉన్న పేరు, ఉదాహరణకి భద్రాచలం. ఈ నాలుగూ పంపండి. అవతల డేటాబేస్ తెరిచి, అక్షరం అక్షరం పోల్చి చూడండి. 200 వచ్చిందని ఆగిపోకండి. 200 అంటే ఉత్తరం చేరిందని మాత్రమే, చదివారని కాదు.

ఈ నాలుగూ చెక్కుచెదరకుండా చేరితే, ఏ ఊరి మనిషి పేరైనా మీ ప్రోగ్రామ్‌లోంచి క్షేమంగా వెళ్తుందని కొంత ధైర్యంగా ఉండొచ్చు. చేరకపోతే ఏ గుర్తు దగ్గర తెగిందో కామెంట్‌లో రాయండి, అది ఏ సంవత్సరం నాటి గొడవో కలిసి చూద్దాం. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.